రోలు, మూకుడు, అరకు గింజ

విశాఖలో అరకు కాఫీ పొడికి కొదవ లేదు. బీచ్ రోడ్డులో, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో ప్యాకెట్లు కనిపిస్తూనే ఉంటాయి. అదే వేయించని పచ్చి గింజ ఒక్క కిలో కావాలని అడిగి చూడండి. 2023 వానాకాలంలో నేను నాలుగు చోట్ల అడిగాను. నాలుగు చోట్లా ఒకటే మాట: "పొడి ఉందమ్మా, వేయించిన గింజ ఉంది. పచ్చిది ఏం చేసుకుంటారు?" తోటలు చూస్తే మనకి 115 కిలోమీటర్ల దూరం. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి అక్కడ ఉండొచ్చు. అయినా ఆ గింజ నాకు కావలసిన తీరులో చేతికి రావడానికి ఐదు నెలలు పట్టింది. నాలాగే వెతుకుతున్నవాళ్లకి కొంత తిరుగుడు తగ్గుతుందని ఇదంతా రాస్తున్నాను.

మొదలుపెట్టించింది మా అత్తయ్యగారు. ఆవిడ పుట్టిల్లు విజయనగరం. చిన్నప్పుడు వాళ్లింట్లో కాఫీ పొడి కొనేవాళ్లు కారట. పచ్చి గింజలు తెచ్చుకుని వారానికోసారి బొగ్గుల కుంపటి మీద ఇనప మూకుడు పెట్టి వేయించేవాళ్లు. కిటికీ గట్టుకి బిగించిన చేతిమర ఉండేది, పిల్లలు వంతులు వేసుకుని తిప్పాలి. "గింజ పసుపు రంగుకి తిరిగేసరికి మా అమ్మ స్తోత్రం ఒకటి పూర్తయ్యేది. రెండోది సగంలో ఉండగా పేలడం మొదలెట్టేది" అని చెబుతారు. మావయ్యగారు పోయాక సీతమ్మధారలో మా దగ్గరికి వచ్చేశారు. పొద్దున్న గ్లాసు చేతికి ఇవ్వగానే తాగరు, ముందు వాసన చూస్తారు. "రుచి ఉందమ్మా. వాసనే లేదు" అనేవారు. నెల్లాళ్లు అదే మాట విన్నాక నాకు పట్టుదల వచ్చింది. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఆ వాసన ఎక్కడ పోతోందో తెలుసుకోవాలనిపించింది.

కారణం తెలిసిందే. వేయించిన గింజలో వాసననిచ్చే పదార్థాలు తేలిగ్గా ఆవిరైపోతాయి. గింజగా ఉన్నప్పుడు కొన్ని వారాలు నిలుస్తాయి. పొడి కొట్టిన గంటల్లోనే తగ్గడం మొదలవుతుంది. పచ్చి గింజకి ఆ తొందర లేదు, తేమ తగలకుండా ఉంచితే నెలల తరబడి ఆగుతుంది. అంటే అత్తయ్య అడిగే వాసన కావాలంటే వేయించే పని మా పొయ్యి మీదికే రావాలి.

మొదటి గింజ పాత ఊరి వైపు ఒక హోల్‌సేల్ కొట్టులో దొరికింది. యాభై కిలోల బస్తాలోంచి అర కిలో తీసి కాగితం పొట్లం కట్టి ఇచ్చారు. అరకుదేనా అని అడిగితే "అరకుదేనమ్మా" అన్నారు. అరకు వ్యాలీ అరబికా రకం కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది గానీ, బస్తాలో ఉన్న గింజ ఏ తోటది, ఏ సంవత్సరం పంట, ఎలా ఎండబెట్టారు అని అడిగితే ఆ కొట్టులో జవాబు లేదు. పొట్లం ఇంటికి తెచ్చి విప్పితే గోనెసంచి వాసన. గింజలు కొన్ని ఆకుపచ్చ, కొన్ని గోధుమ రంగు, కొన్ని నల్లవి. చిన్నవీ పెద్దవీ కలిసిపోయి ఉన్నాయి. అప్పటికి నాకేం తెలుసు, అలాగే మూకుట్లో పోసేశాను.

ఆ రోజు జరిగింది చెప్తాను, ఎందుకంటే మొదటిసారి వేయించే చాలామందికి ఇదే జరుగుతుంది. పెద్ద మంట పెట్టాను. ఐదు నిమిషాల్లో చిన్న గింజలు నల్లబడ్డాయి, పెద్దవి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పొగ హాల్లోకి వచ్చేసింది. పై ఫ్లాట్ ఆవిడ ఏదైనా మాడుతోందా అని ఫోన్ చేశారు. దించి చల్లార్చాక చూస్తే మూడు నాలుగు రంగుల గింజలు. వాటిలో కొన్ని ఎంత వేగినా పాలిపోయి వేరుశనగ పొట్టు రంగులోనే ఉండిపోయాయి. అవెందుకలా ఉన్నాయో నాకు అర్థం కాలేదు. డికాషన్ పైకి చేదు, లోపల పచ్చి పిండి రుచి. అత్తయ్య ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టారు. తప్పు నా మంటదే అనుకున్నాను. సగమే నిజం.

నవంబరులో చిక్‌మగళూరు వైపు ఎస్టేట్ ఒకదాని నుంచి ఆన్‌లైన్‌లో కిలో తెప్పించాను. ప్యాకెట్ మీద "అరబికా ప్లాంటేషన్ ఏ" అని ఉంది. ఈ పేర్లు తెలుసుకుంటే కొనేటప్పుడు చాలా ఉపయోగం. పండు తోలు ఒలిచి, పులియబెట్టి, జిగురు కడిగి ఎండబెట్టిన అరబికాని మన దేశపు వ్యాపారంలో ప్లాంటేషన్ అంటారు. పండుని పండుగానే ఎండబెడితే చెర్రీ. ఏ, బీ అనేవి సైజులు, జల్లెడ కన్నాన్ని బట్టి పెట్టినవి. ఏ గ్రేడుకి 6.65 మిల్లీమీటర్లు, బీకి 6 మిల్లీమీటర్లు. పండులో రెండు గింజలకి బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగితే అది పీబెర్రీ, ప్యాకెట్ మీద పీబీ అని ఉంటుంది. ఇంట్లో మూకుట్లో వేయించేవాళ్లకి గ్రేడు గొప్పదా కాదా అన్నది కాదు ముఖ్యం, గింజలన్నీ ఒకే సైజులో ఉండటం ముఖ్యం. అప్పుడే అన్నీ ఒకేసారి వేగుతాయి.

ఆ కిలోతో కాఫీ బాగా వచ్చింది. కానీ ఇంకో సమస్య బయటపడింది. సగం వాడి మిగతాది గుడ్డసంచిలో ఉంచాను. తూచి పెట్టడం నాకు అలవాటు. 500 గ్రాములు పెట్టినది నెల తర్వాత 510 తూగింది. ఆ పది గ్రాములూ మన సముద్రం గాలి ఇచ్చిన నీళ్లు. పచ్చి గింజలో తేమ 10 నుంచి 12 శాతం మధ్య ఉండాలంటారు. అది దాటితే రంగు పాలిపోతుంది, వాసన మందగిస్తుంది, ఇంకా పెరిగితే బూజు పడుతుంది. బెంగళూరువాళ్లు చెప్పే నిలవ పద్ధతులు విశాఖలో పని చేయవు. మాది ఉక్కపోత ఊరు. కొట్టులో కొన్న గింజకి గోనె వాసన ఎందుకు పట్టిందో కూడా అప్పుడే తెలిసింది.

2024 జనవరిలో అరకు వెళ్లాను. నా స్టూడెంట్ ఒకమ్మాయిది అరకు దగ్గర ఊరు, వాళ్ల నాన్నగారికి రెండెకరాల తోట ఉంది. కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి, సొరంగాలన్నీ దాటుకుంటూ పైకి చేరేసరికి స్వెటర్ కావలసి వచ్చింది. లోయ సుమారు 900 మీటర్ల ఎత్తు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మనం నగరంలో పడిపోయిన చెట్లని లెక్కపెట్టుకున్నాం. వాళ్లకి ఆ సిల్వర్ ఓక్‌లు పడిపోయి కాఫీకి నీడే పోయింది. ఇప్పుడున్న చెట్లలో చాలా భాగం ఆ తర్వాత నాటినవేనని చూపించారు.

"నాకు ఐదు కిలోల పచ్చి గింజ కావాలండీ" అన్నాను. ఆయన అర్థం కానట్టు చూశారు. "పొట్టు తీసిన గింజ మా దగ్గర ఎక్కడుంటాది మేడం. మేం పళ్లయినా అమ్ముతాం, లేదంటే పార్చ్‌మెంటయినా అమ్ముతాం. పొట్టు తీసేది ఫ్యాక్టరీలోనే."

నాలుగు కొట్లు తిరిగినా నాకు దొరకని కారణం ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది. రైతు దగ్గర ఎండిన గింజ పొట్టులో ఉంటుంది, దాన్నే పార్చ్‌మెంట్ అంటారు. పొట్టు ఒలిచే మిల్లులో అది టన్నుల్లో ఉంటుంది. మిల్లు దాటాక బస్తాల్లో ఉంటుంది, ఆ తర్వాత వేయించి ప్యాకెట్లలోకి వెళ్లిపోతుంది. ఒక ఇంటికి సరిపడా కిలో పచ్చి గింజ ఈ దారిలో ఎక్కడా ఆగదు. ఒకప్పుడైతే రైతు నాకు నేరుగా అమ్మడానికే వీలుండేది కాదు, పంటంతా కాఫీ బోర్డు ఉమ్మడి నిల్వకి (పూల్‌కి) ఇవ్వాల్సిందే. 1990లలో ఆ పద్ధతి కొంచెం కొంచెంగా సడలి, 1996కి పూర్తిగా పోయింది.

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. ఒకే కొమ్మ మీద ఎర్ర పళ్లు, పసుపు కాయలు, పచ్చి కాయలు. ఒకేసారి పండవు కాబట్టి మూడు నాలుగు విడతలుగా, ఎర్రవి మాత్రమే కోయాలి. కూలీ దొరకనప్పుడు, ధర పడిపోతుందని భయపడినప్పుడు కొమ్మనంతా ఒకేసారి దూసేస్తారు. అది విన్నాక నాకు మా మూకుట్లో పాలిపోయి మిగిలిన గింజలు గుర్తొచ్చాయి. అవి పచ్చి కాయల్లోంచి వచ్చినవి. పండని కాయ గింజలో చక్కెరలు సరిగ్గా చేరవు. వేడి తగిలినప్పుడు ఆ చక్కెరలు అమైనో ఆమ్లాలతో కలిసి రంగు, వాసన తయారవుతాయి. చక్కెర తక్కువైతే ఎంతసేపు వేయించినా రంగు తిరగదు. నేను రెండు నెలలుగా పొయ్యి దగ్గర వెతుకుతున్న తప్పు కొమ్మ దగ్గర జరిగింది.

కోసిన పళ్లని ఆ సాయంత్రమే బేబీ పల్పర్‌లో పోసి చేత్తో తిప్పి తోలు తీస్తారు. జిగురుతో ఉన్న గింజల్ని తొట్టెలో పులియబెడతారు. చలి ఎక్కువైతే ఎక్కువసేపు పడుతుంది. అయిందో లేదో తెలుసుకోవడానికి ఆయన గింజల్ని రెండు చేతుల మధ్య రుద్ది చూపించారు. జారుతుంటే ఇంకా కాలేదు. ఇసుకలాగా గరగరలాడితే కడగొచ్చు. తర్వాత టార్పాలిన్ మీద వారం, పది రోజులు ఎండ. రాత్రి మంచు పడకుండా కప్పాలి, పొద్దున్న మంచు తేలాక విప్పాలి, గంటకోసారి కలపాలి. ఆరు కిలోల పళ్లకి ఒక కిలో పచ్చి గింజ. గ్లాసు కాఫీ వెనక ఎంత పని ఉందో పుస్తకంలో చదవడం వేరు, పక్కన నిలబడి చూడటం వేరు.

ఐదు కిలోల పార్చ్‌మెంట్ కొనుక్కుని బస్సులో దిగాను. ఇంటికి తెచ్చాక దీని పొట్టు ఎలా తీయాలా అని ఆలోచిస్తుంటే అత్తయ్య గుప్పెడు చేతిలోకి తీసుకుని గలగలలాడించి, "వడ్లలాగే ఉన్నాయి కదమ్మా. దంచితే సరి" అన్నారు.

బాల్కనీలో మందారం కుండీ కింద పెట్టిన రాతిరోలు కడిగి ఆరబెట్టాం. కురుపాం మార్కెట్ దగ్గర చెక్క రోకలి కొన్నాను. ముందు గంటసేపు గింజల్ని పళ్లెంలో ఎండకి పెడితే పొట్టు పెళుసుగా అవుతుంది. రోట్లో సగం కంటే తక్కువ పోయాలి. రోకలిని ఎత్తి వేయకూడదు, దాని బరువుతోనే పడనివ్వాలి. గట్టిగా పోటు వేస్తే గింజ విరుగుతుంది. గింజ గింజకి రాసుకునే పొట్టు ఊడాలి, రాతికి తగిలి కాదు. ఐదారు నిమిషాలయ్యాక చాటలో పోసి చెరగడమే. చెరగడం నాకు రాదు, అత్తయ్యకి వచ్చు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయిన మనిషి, చాటలో చప్పుడు విని ఇంకా పొట్టున్న గింజలు ఎన్ని ఉన్నాయో చెప్పేస్తారు. 500 గ్రాముల పార్చ్‌మెంట్‌కి సుమారు 400 గ్రాముల గింజ వస్తుంది. నాకు మొదటిసారి 370 వచ్చింది, మిగతాది విరిగిపోయింది. రోలు లేనివాళ్లు మిక్సీలో పిండి కలిపే ప్లాస్టిక్ బ్లేడు వేసి, ఆపి ఆపి తిప్పి చూడొచ్చు. నేను రెండుసార్లు చేశాను, పని అవుతుంది.

ఇలా దంచుకోవడంలో ఒక మేలు ఉందని రెండు నెలలు గడిచాక తెలిసింది. మిగిలిన పార్చ్‌మెంట్‌ని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టాను. ఆగస్టులో దంచినప్పుడు కూడా గింజ జనవరిలో ఉన్నంత నీలి ఆకుపచ్చగా ఉంది. పొట్టు గింజని కాపాడుతుంది, ఎగుమతి చేసేవాళ్లు కూడా వీలైనంత కాలం పార్చ్‌మెంట్‌గానే ఉంచి ఆఖర్న మిల్లు పడతారు. ఉక్కపోత ఊళ్లో ఉన్నవాళ్లకి నా సలహా ఇదే. వీలైతే పార్చ్‌మెంట్ కొనండి, ఏ వారానికి ఆ వారం దంచుకోండి. పాతకాలంలో వడ్లు గాదెలో ఉంచి బియ్యం ఎప్పటికప్పుడు దంచుకున్నది కూడా ఇందుకే.

ఇక వేయించడం. ఇప్పుడు నేను ఒక వాయికి 200 గ్రాములు మించి వేయను. అంతకంటే ఎక్కువైతే మూకుట్లో అడుగువి మాడుతుంటే పైవి చల్లగా ఉంటాయి. ముందు పప్పులో రాళ్లు ఏరినట్టు గింజలు ఏరతాను. నల్లవి, విరిగినవి, గుల్లగా ఉన్నవి, సూది గుచ్చినట్టు కన్నం ఉన్నవి పక్కకి. ఆ కన్నాలు కాయతొలుచు పురుగు చేసేవి. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో ఆ పురుగు కనిపించినప్పటి నుంచి వీటిని ఇంకా శ్రద్ధగా చూస్తున్నాను. అలాంటి గింజ కనబడితే విసిరి పారేయను, మరిగే నీళ్లలో పోసి ఆ తర్వాతే చెత్తలో వేస్తాను.

మందంగా ఉన్న ఇనప మూకుడుని మధ్యస్థంగా మంట పెట్టి మూడు నిమిషాలు కాగనిస్తాను. గింజలు పోసిన క్షణం నుంచి చెక్క గరిటె ఆగకూడదు. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఎండుగడ్డి వాసన వస్తుంది, గింజ పసుపు రంగుకి తిరుగుతుంది. నా గడియారంలో ఇది ఐదో నిమిషానికో ఆరో నిమిషానికో. అత్తయ్య వాళ్లమ్మగారి స్తోత్రం లెక్క దాదాపు ఇంతే. అక్కడి నుంచి వాసన రొట్టె కాలుతున్నట్టు మారుతుంది. పొట్టు రేగుతుంది. వేయిస్తున్నప్పుడు మనకి తెలిసిన కాఫీ వాసన రాదు, అది తెలియక చాలామంది కంగారుపడతారు. ఆ వాసన చల్లారాక, మర్నాడు డబ్బా మూత తీసినప్పుడు వస్తుంది.

తొమ్మిది, పది నిమిషాలకి మొదటి పేలుడు. లోపలి ఆవిరి, వాయువు ఒత్తిడికి గింజ విచ్చుకుని పేలాలు వేగినట్టు టప్, టప్ మంటుంది. గింజ లోపలి వేడి 196 డిగ్రీల దగ్గర ఇది మొదలవుతుందని పుస్తకాల్లో ఉంటుంది. నా దగ్గరున్న ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొర వేడినే చూపిస్తుంది కాబట్టి ఒక్కోసారి ఒక్కో అంకె. గన్ కంటే చెవి నయం. పేలుళ్లు జోరందుకోగానే మంట సగానికి తగ్గిస్తాను. ఇక్కడ తొందరపడితే పైన నలుపు, లోపల పులుపు. మంట మరీ తగ్గిస్తే గింజ వేగడం ఆగి కాఫీ చప్పగా అట్టముక్క రుచి వస్తుంది. ఈ రెండూ నాకు అనుభవమే, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పేలుళ్లు ఆగాక కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత రెండో చప్పుడు మొదలవుతుంది, ఇది సన్నగా, ఎండుటాకు నలిపినట్టు చిటచిటమంటుంది. పాలు, పంచదారతో తాగే మన ఫిల్టర్ కాఫీకి ఆ రెండో చప్పుడు ఒకటి రెండు సార్లు వినపడగానే దించడం మా ఇంట్లో కుదిరింది. నల్ల కాఫీ తాగేవాళ్లు నిశ్శబ్దంలోనే దించుకోవచ్చు, పండు పులుపు నిలుస్తుంది.

దించడమంటే పొయ్యి కట్టేయడం కాదు. ఇనుము వేడిగా ఉన్నంతసేపూ గింజ వేగుతూనే ఉంటుంది. వెంటనే పెద్ద జల్లెడలో పోసి టేబుల్ ఫ్యాన్ ముందు కదపాలి. మూడు నాలుగు నిమిషాల్లో చేత్తో పట్టుకునేలా చల్లారాలి. నేను బాల్కనీలో చేస్తాను, పొట్టంతా గాలికి పోతుంది. అన్నట్టు బాల్కనీలోనే వేయిద్దామని పోర్టబుల్ స్టవ్ పెట్టి చూశాను. సాయంత్రం సముద్రం నుంచి వచ్చే గాలికి మంట నిలవదు, ఒకే గింజకి ఒకరోజు పన్నెండు నిమిషాలు, ఇంకోరోజు పద్దెనిమిది పట్టింది. వంటింట్లోకే వచ్చేశాను. చిమ్నీ వేసి, కిటికీ తెరిచి, పై ఫ్లాట్ ఆవిడకి ముందే ఒక మాట చెప్తాను. ఇప్పుడు ఆవిడే "ఈ ఆదివారం వేయించట్లేదా" అని అడుగుతున్నారు. పాప్‌కార్న్ మెషీన్‌లో కూడా వేయించాను. ఐదారు నిమిషాల్లో అయిపోతుంది, సమంగా వేగుతుంది. కానీ పాలల్లో ఆ కాఫీ తేలిపోయింది, మా ఇంటికి పనికిరాలేదు.

చల్లారిన గింజని తూచండి. ఇది ఎవరూ మానకూడదని నా అభిప్రాయం. 200 గ్రాములు వేస్తే నాకు 166 నుంచి 170 మధ్య రావాలి. 175 వచ్చిందంటే త్వరగా దించేశాను, 160కి పడిందంటే మాడ్చాను. రంగు చూసి పోల్చుకోవడం వెలుతురుని బట్టి మారుతుంది, తూకం మారదు. తర్వాత నాలుగైదు రోజులు ఆగాలి. కొత్తగా వేయించిన గింజ కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. వెంటనే పొడి కొట్టి ఫిల్టర్‌లో పోస్తే నురగ పొంగి నీళ్లు సరిగ్గా దిగవు. "మేము వేయించిన రోజే తాగేవాళ్లం" అని అత్తయ్య ఒప్పుకోలేదు. ఒకే వాయిని మొదటి రోజు, మూడో రోజు, ఐదో రోజు ఇచ్చాను. ఐదో రోజు గ్లాసు వాసన చూసి చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. తర్వాత "మా వంటిల్లు గుర్తొచ్చిందమ్మా" అన్నారు.

కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి, చికోరీ గురించి ఒక్క మాట. కలిపి అమ్మే పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలని నిబంధన, అంటే 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చు. ప్యాకెట్ మీద ఆ శాతం రాసి ఉంటుంది, చూసుకోండి. మేము పదో వంతు కలుపుతాం, డికాషన్ చిక్కదనం కోసం.

2025 జనవరిలో మళ్లీ అరకు వెళ్లాను. ఫోన్‌లో ముందే అడిగితే ఆ రైతు నాకోసం రెండు రకాలుగా ఎండబెట్టి ఉంచారు. మూడు కిలోలు ఎప్పటిలా నేల మీద టార్పాలిన్ వేసి, మూడు కిలోలు వెదురు తడక మీద, నేలకి మూడు అడుగుల ఎత్తున. తడక మీద కింద నుంచి కూడా గాలి తగులుతుంది, మంచు నీరు అడుగున నిలవదు. "రెండింట్లో ఏది బాగుంటాదో తాగి చెప్పండి మేడం. గింజ తీసుకెళ్లినోళ్లు తూకం చెప్తారు, ధర చెప్తారు, రుచి చెప్పరు" అన్నారు.

రెండూ ఒకే రోజు దంచాను. ఒకే మంట, ఒకే బరువు, దించినప్పుడు ఒకటి 168, ఇంకోటి 167. ఐదు రోజులు ఆగాను. ఆరో రోజు పొద్దున్న రెండు గ్లాసులు అత్తయ్య ముందు పెట్టాను, ఏది ఏదో చెప్పలేదు. మా ఆయనకీ, మా అబ్బాయికీ కూడా అలాగే. మగవాళ్లిద్దరూ రెండూ బాగున్నాయన్నారు. అత్తయ్య మొదటి గ్లాసు వాసన చూసి "దీనికి అడుగున కొంచెం మట్టివాసన ఉంది" అన్నారు. రెండోది పూర్తిగా తాగారు. మర్నాడు గ్లాసుల వరస మార్చి ఇచ్చాను, మళ్లీ అదే గింజ పక్కన పెట్టారు. పక్కన పెట్టింది టార్పాలిన్‌ది.

ఆ సాయంత్రమే ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వివరంగా అడిగారు: మట్టివాసన వేయించకముందు గింజలో ఉందా, డికాషన్‌లోనే వచ్చిందా, అన్ని గింజల్లోనా, కొన్నిటిలోనా. మిగిలిన పచ్చి గింజని వాసన చూసి, చూసినవన్నీ చెప్పాను. వచ్చే కోతకి పంటంతా తడకల మీద వేయలేనని, వెదురుకి, మనుషులకి ఖర్చవుతుందని, కానీ మొదటి విడత ఎర్ర పళ్లని మాత్రం అలా ఎండబెడతానని అన్నారు. తడక సందుల్లోంచి చిన్న గింజలు రాలిపోతున్నాయట, పైన పరవడానికి సన్న కన్నాల వల కావాలన్నారు. నిన్న పూర్ణా మార్కెట్ దగ్గర కొట్టులో పది మీటర్ల షేడ్ నెట్ కొన్నాను. చిన్న గింజ ఒకటి జేబులో వేసుకుని వెళ్లి, కన్నంలోంచి జారుతుందో లేదో చూసి మరీ కోయించాను. డిసెంబరులో ఈసారి అత్తయ్య కూడా వస్తానంటున్నారు.